391 దగ్గర ఆగి చూడండి

"క్యూసీలో ఆరేళ్లుగా ఎల్‌సీ-ఎంఎస్ నడుపుతున్నాను మేడమ్, కొత్త మందులు వెతికే పనిలోకి రావచ్చా?" జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. రావచ్చు. మీ చేతిలో ఉన్న పనితనం పీహెచ్‌డీలో చేరిన పిల్లలకు రెండు మూడేళ్లకు గానీ పట్టుబడదు. పీక్ తోక ఎందుకు సాగుతోందో, ప్రెషర్ ఎందుకు పెరిగిందో, కాలమ్ ఎప్పుడు మార్చాలో మీకు చూడగానే తెలుస్తుంది. మార్చుకోవాల్సిందల్లా ఒక్క అలవాటు. క్యూసీలో వయల్‌లో ఏముందో ముందే తెలుసు, ఎంతుందో తేల్చాలి. స్టాండర్డ్ పక్కనే ఉంటుంది, మెథడ్ రాసి ఉంటుంది, లిమిట్ రాసి ఉంటుంది. బూజు నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌లో వందల పదార్థాలుంటాయి. ఏది ఏమిటో ఎవరూ రాసి పెట్టరు. ఈ పనిలో మొదటి నైపుణ్యం పాతదాన్ని త్వరగా గుర్తుపట్టడం. కొత్తది దొరకడమన్నది ఆ వడపోతంతా అయ్యాక మిగిలే సంగతి.

ఇది నాకు బోధపడిన రోజు గురించి చెప్తాను. మట్టి నుంచి వేరుచేసిన ఒక పెనిసిలియం బూజు మీద మా దగ్గర ఒక అబ్బాయి పనిచేసేవాడు. ఎక్స్‌ట్రాక్ట్ ఈస్ట్ పెరుగుదలను బాగా ఆపుతోంది. సింగిల్ క్వాడ్ మీద నడిపితే పెద్ద పీక్, 391 దగ్గర. డేటాబేస్‌లో పెనిసిలియం, 391 అని వెతికాడు. కాంపాక్టిన్ అని వచ్చింది. కాంపాక్టిన్ అంటే స్టాటిన్ కుటుంబంలో మొదట దొరికిన అణువు. దానికి హైడ్రోజన్ అయాన్ అతుక్కుంటే బరువు సరిగ్గా 391 పైనే ఉంటుంది, పైగా దానికి శిలీంధ్రాలను ఆపే గుణం కూడా ఉంది. అన్నీ కలిసొచ్చాయి. వాడి మొహంలో వెలుగు నాకింకా గుర్తే. నేనూ సంతోషించాను.

వారం తర్వాత హై రిజల్యూషన్ పరికరం మీద అవకాశం దొరికింది. కాంపాక్టిన్ అయితే 391.2479 రావాలి. మాకు 391.2843 వచ్చింది. తేడా 0.0364. చూడ్డానికి ఎంతో చిన్నది. కానీ ఆ స్థాయి బరువు దగ్గర అది 93 పీపీఎం. సరిగ్గా క్యాలిబ్రేట్ చేసిన ఆర్బిట్రాప్ గానీ క్యూ-టాఫ్ గానీ 5 పీపీఎం కన్నా ఎక్కువ తప్పదు, అంటే ఇక్కడ 0.002 మాత్రమే. కాబట్టి అది కాంపాక్టిన్ అయ్యే ప్రసక్తే లేదు. అయాన్‌ను పగలగొట్టి చూస్తే 149.0233 దగ్గర ముక్క. ఆ అంకె చూసిన అనుభవజ్ఞుడు ఎవరైనా కళ్లు మూసుకుని చెప్తాడు, అది థాలేట్ అని. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే డైఇథైల్‌హెక్సిల్ థాలేట్. మేం ఇథైల్ ఎసిటేట్‌ను ప్లాస్టిక్ వాష్ బాటిల్‌లో పోసుకుని వాడాం. ఆ సాల్వెంట్ ప్లాస్టిక్ నుంచి థాలేట్‌ను లాగేస్తుంది. అర లీటరును రోటావాప్‌లో ఒక మిల్లీలీటరుకు ఇంకించాం, అంటే కాస్తో కూస్తో ఉన్న మలినం ఐదువందల రెట్లు చిక్కబడింది. బూజులో ఈస్ట్‌ను ఆపుతున్నది ఇంకేదో పదార్థం. అది ఎక్కడో చిన్న పీక్‌గా పడి ఉంటే, మేం పెద్ద పీక్ వెంట పడ్డాం.

బ్లాంక్ నడపలేదా అని అడుగుతారు. నడిపాం. కొత్త బాటిల్ మిథనాల్ వయల్‌లో పోసి నడిపాం, శుభ్రంగా వచ్చింది. పరికరం శుభ్రంగా ఉందని అది చెప్పింది, మా పని శుభ్రంగా ఉందో లేదో చెప్పలేదు. బూజు వేయని మీడియాను కూడా అదే ఫ్లాస్క్‌లో, అన్నే రోజులు ఉంచి, అదే సాల్వెంట్‌తో తీసి, అదే రోటావాప్‌లో ఇంకించి నడిపిన బ్లాంక్ మా దగ్గర లేదు. ప్రాసెస్ బ్లాంక్ పెట్టమని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. వాడు మూడు వారాల శ్రమ పోగొట్టుకున్నాడు. థాలేట్లను "సహజ పదార్థాలు"గా ప్రకటించే పేపర్లు ఇప్పటికీ వస్తున్నాయి కాబట్టి ఈ తప్పు మా ఒక్కరిదే కాదు. అయినా పనిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఇది చెప్తాను. 391.2843, దాని సోడియం రూపం 413.2662, ప్లాస్టిక్ సంచుల నుంచి వచ్చే ఎరుకామైడ్ 338.3417, 44.0262 తేడాతో మెట్లు మెట్లుగా వచ్చే పాలీఇథిలీన్ గ్లైకాల్. ఈ నాలుగూ కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి.

కాంపాక్టిన్ పేరు వచ్చింది కాబట్టి దాని కథా చెప్పాలి, ఎందుకంటే మీరు ఎంచుకోబోయే ఉద్యోగం అసలు స్వరూపం అందులో కనిపిస్తుంది. జపాన్‌లో సాంక్యో కంపెనీలో అకిరా ఎండో 1971లో వెతుకులాట మొదలుపెట్టారు. కొలెస్టరాల్ తయారీని ఆపే పదార్థం ఏదైనా బూజులో ఉంటుందేమోనని రెండేళ్లలో దాదాపు 6,000 సూక్ష్మజీవుల రకాలు పరీక్షించారు. మొదట చేతికొచ్చింది సిట్రినిన్. అది 1931లోనే తెలిసిన పదార్థం, పైగా మూత్రపిండాలకు విషం. ఆ తర్వాత, బియ్యం మీద దొరికిన పెనిసిలియం సిట్రినం నుంచి 1973లో కాంపాక్టిన్ బయటపడింది. అదే అణువును ఇంగ్లండ్‌లో మరో బృందం పెనిసిలియం బ్రెవికాంపాక్టం నుంచి శిలీంధ్రనాశకం కోసం వెతుకుతూ తీసి 1976లో ప్రకటించింది. కాంపాక్టిన్ అన్న పేరు వాళ్లు పెట్టిందే. ఇక లోవాస్టాటిన్ సంగతి చూడండి. మెర్క్ వాళ్లు ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్ నుంచి 1978లో తీసి మెవినోలిన్ అన్నారు. ఎండో మొనాస్కస్ నుంచి తీసి మొనాకోలిన్-కె అన్నారు. రెండూ ఒకే అణువు. 1987లో అది మందుగా అమెరికాలో అనుమతి పొందింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు రాత్రిపూట వేసుకునే స్టాటిన్ బిళ్లల వంశం అక్కడ మొదలైంది.

వేర్వేరు బూజులు ఒకే అణువును చేస్తాయి, ఒకే అణువుకు మూడు పేర్లుంటాయి, మొదట తగిలేది ఎప్పుడూ పాతదే. ఇది వందేళ్లుగా మారలేదు. మారింది ఒక్కటే. ఎండో కాలంలో పాతదని తెలియాలంటే ఆ పదార్థాన్ని శుద్ధి చేసి, స్ఫటికాలు తీసి చూడాల్సి వచ్చేది, నెలలు పట్టేది. ఇప్పుడు ఇరవై నిమిషాల రన్‌లో తేలుతుంది. ఎలక్ట్రోస్ప్రేకు జాన్ ఫెన్ 2002లో నోబెల్ పంచుకున్నారు, 2005లో ఆర్బిట్రాప్ మార్కెట్లోకి వచ్చింది. ఈ రెండూ కలిసి బూజు ఎక్స్‌ట్రాక్ట్‌లోని అణువులను చెక్కుచెదరకుండా తూచే వీలు కల్పించాయి. పాతదాన్ని ముందే పక్కన పెట్టే ఈ పనిని డీరెప్లికేషన్ అంటారు. ఉద్యోగ ప్రకటనల్లో ఈ మాట కనిపిస్తే, మీ అవసరం ఉన్న చోటు అదేనని గుర్తు.

అంకె ఒక్కటే చూసి పేరు పెట్టే అలవాటు వదిలేయడానికి మూడు సాక్ష్యాలు కోరుకోండి. ఖచ్చితమైన బరువు మొదటిది. ఐసోటోప్ వరస రెండోది. ఇందులో మీరు క్యూసీలోనే ఆరితేరి ఉంటారు. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ కూడా పెనిసిలియం ఇచ్చిన మందే, 1939లో వేరుచేశారు. అందులో ఒక క్లోరిన్ ఉంది కాబట్టి 353.0786 పక్కనే 355.0757 దగ్గర దాదాపు మూడో వంతు ఎత్తులో జంట పీక్ వస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆ జంట కనిపిస్తే వెతకాల్సిన జాబితా ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. మూడో సాక్ష్యం, పగిలిన ముక్కలు. లోవాస్టాటిన్ 405.2636 నుంచి మిథైల్‌బ్యుటిరిక్ ఆమ్లాన్ని, అంటే 102.0681ని వదిలేసి 303.1955 అవుతుంది. కాంపాక్టిన్ అంతే బరువు వదిలి 289.1798 అవుతుంది. రెండింటికీ ముందూ వెనకా తేడా 14.0157, ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు. తోబుట్టువుల ముక్కుతీరు ఒకటే అయినట్టు ఒకే కుటుంబపు అణువులు ఒకేలా పగులుతాయి.

మాలిక్యులర్ నెట్‌వర్కింగ్ నిలబడింది ఈ పోలిక మీదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో పీటర్ డొరెస్టైన్, నూనో బండేరా బృందాలు 2016లో ప్రకటించిన జీఎన్‌పీఎస్ వేల స్పెక్ట్రాలను ఒకదానితో ఒకటి పోల్చి, పోలిక ఉన్నవాటిని గీతలతో కలిపి బొమ్మ గీస్తుంది. ఒక గుంపులో ఒక బిందువు లోవాస్టాటిన్ అని తెలిస్తే దాని చుట్టూ ఉన్నవాళ్లంతా బంధువులు. ఆ బంధువుల్లో ఎవరి పేరూ ఏ లైబ్రరీలో లేకపోతే అక్కడ ఆగాలి. అసలు ఎవరితోనూ కలవకుండా దూరంగా ఉన్న గుంపు, ప్రాసెస్ బ్లాంక్‌లో లేనిది, బూజు ఉన్న ఫ్లాస్క్‌లన్నిటిలో ఉన్నది దొరికితే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అది.

దీన్ని ఉద్యోగం మారకముందే ఇంట్లో నేర్చుకోవచ్చు. జీఎన్‌పీఎస్ ఉచితం. పీక్‌లు ఏరిపెట్టే ఎంజెడ్‌మైన్ ఉచితం. జర్మనీలో యేనా విశ్వవిద్యాలయంలోని సెబాస్టియన్ బోకర్ బృందం చేసిన సిరియస్ ముక్కలను బట్టి ఫార్ములా లెక్కగడుతుంది. మాసివ్ అనే భాండాగారంలో ప్రపంచంలోని ల్యాబ్‌లు పెట్టిన ముడి డేటా ఉంటుంది, అందులో శిలీంధ్రాల డేటాసెట్ ఒకటి దింపుకుని మొదటి నుంచి చివరి దాకా మీరే నడపండి. మీ కంపెనీ డేటాతో మాత్రం ఈ ప్రయోగాలు చేయకండి. అది కంపెనీ ఆస్తి, ఉద్యోగం పోతుంది. ఆదివారాలు నాలుగైదు వెచ్చిస్తే చేయి తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరును ఎప్పుడు నమ్మకూడదో తెలియడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది, ఆ ఓపిక ఉంచుకోండి. సిరియస్ మొదటి వరసలో ఇచ్చిన ఫార్ములా తప్పయ్యే సందర్భాలు, ముఖ్యంగా బరువు 600 దాటాక, తరచూ వస్తాయి.

ఫార్మా నుంచి వచ్చినవాళ్లు సాధారణంగా తక్కువ అంచనా వేసేది బూజు పెంచే పనిని. మూత పెట్టి మర్చిపోయిన అన్నం మీద పట్టే బూజు అందరికీ తెలుసు. ల్యాబ్‌లో దాన్నే శుభ్రంగా చేస్తాం. కోనికల్ ఫ్లాస్క్‌లో బియ్యం, నీళ్లు పోసి, దూది మూత పెట్టి, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేస్తే లోపలే అన్నమవుతుంది. చల్లారాక బూజు ముక్కలు వేసి, 25 డిగ్రీల దగ్గర మూడు వారాలు ఉంచుతాం. వారం తిరిగేసరికి తెల్లగా అల్లుకుంటుంది, తర్వాత రంగులు దిగుతాయి. పసుపు, ఇటుక రంగు, ఒక్కోసారి ముదురు ఊదా. రంగు మారిన రోజు రాసిపెట్టుకోండి, చాలాసార్లు కొత్త పీక్‌లు వచ్చేది ఆ చుట్టుపక్కలే. అదే బూజును ద్రవ మీడియాలో ఊపుతూ పెంచితే పూర్తిగా వేరే పదార్థాలు రావచ్చు. ఒకే రకాన్ని మీడియా మార్చి, గాలి మార్చి, ఉప్పు మార్చి పెంచి కొత్త పదార్థాలు రాబట్టే పద్ధతిని జర్మనీలో గోటింగెన్‌కు చెందిన ఆక్సెల్ జీక్ బృందం 2002లో ఓస్మాక్ అన్న పేరుతో వివరించింది. బూజు జన్యువుల్లో తయారీ పద్ధతులు చాలానే దాగి ఉంటాయి, ఒక్క మీడియాలో అవన్నీ మేలుకోవు. ఇంకొక మాట. ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే బూజు కొన్నాళ్లకు ఆ పదార్థం చేయడం మానేస్తుంది. దొరికిన మొదటి వారంలోనే గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఏడాది తర్వాత పదార్థం రావట్లేదని ఏడ్చినవాళ్లను చూశాను, ఆ ఏడుపు వట్టి అజాగ్రత్త వల్ల వచ్చింది.

పని చేసే పదార్థాన్నీ పీక్‌నూ ఎలా జోడిస్తారన్నది తరువాతి మెట్టు. కాలమ్ నుంచి వచ్చే ద్రవాన్ని రెండుగా చీలుస్తాం. కొంచెం మాస్ స్పెక్ట్రోమీటర్‌కు, మిగిలింది 96 గుంతల ప్లేటులోకి, నిమిషానికి ఇన్ని గుంతలని. సాల్వెంట్ ఆరబెట్టి గుంతల్లో క్రిమిని వేస్తే ఏ గుంతలో క్రిమి పెరగలేదో ఆ నిమిషంలో వచ్చిన పీక్‌ల మీదే దృష్టి పెట్టొచ్చు. మా అబ్బాయి ఎక్స్‌ట్రాక్ట్‌ను ముందే ఇలా చీల్చి ఉంటే 391 దగ్గర ఏ పనీ లేదని ఒక్క రోజులో తెలిసేది. ఇక్కడా ఒక మోసం ఉంది. అన్నం మీద పెంచిన ఎక్స్‌ట్రాక్ట్‌లో లినోలిక్ ఆమ్లం పుష్కలంగా ఉంటుంది, నెగటివ్ మోడ్‌లో 279.2330. కొవ్వు ఆమ్లాలు కొన్ని బాక్టీరియాను నిజంగానే ఆపుతాయి, కాబట్టి పరీక్షలో గెలుస్తాయి, మందుగా మాత్రం పనికిరావు. హెక్సేన్‌తో ముందే కడిగేయండి.

మాస్ స్పెక్ట్రోమీటర్ చెప్పలేనిదీ ఉంది. ఫార్ములా చెప్తుంది, ముక్కలు చూపిస్తుంది. ఏ బంధం ఎటు తిరిగి ఉందో, ఎడమచేతి అణువో కుడిచేతి అణువో చెప్పదు. దానికి శుద్ధి చేసిన పదార్థం కొన్ని మిల్లీగ్రాములు కావాలి, ఎన్‌ఎమ్‌ఆర్ కావాలి. "కొత్త పదార్థం" అన్న మాట ఎన్‌ఎమ్‌ఆర్ చూశాకే వాడండి. అంతవరకు "పేరు తెలియని పీక్" అనండి. ఈ తేడా పాటించే మనిషిని ఏ గైడ్ అయినా ఇష్టపడతారు.

ఆరోగ్యం సంగతి. బూజు ప్లేట్లు బయోసేఫ్టీ క్యాబినెట్ బయట తెరవకండి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని తీసుకునే ముందు డాక్టర్‌ను అడగండి. పేరు తెలియని ఎక్స్‌ట్రాక్ట్‌ను విషంలాగే చూడాలి. అఫ్లటాక్సిన్ బి1 కూడా ఒక సహజ పదార్థమే, 313.0707 దగ్గర కూర్చుని ఉంటుంది. పసుపు-ఆకుపచ్చ ఆస్పర్‌జిల్లస్ పెంచుతున్నారంటే మొదటి రన్‌లోనే ఆ అంకె కోసం వెతకండి.

ఇక ఉద్యోగాల మాట దాపరికం లేకుండా చెప్తాను. బూజుల్లో కొత్త మందులు వెతకడం ఒక్కటే పనిగా ఉండే ఉద్యోగాలు మన దేశంలో కొద్దే. ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులు, ప్రాజెక్టు ముగిస్తే పోస్టూ ముగుస్తుంది. హైదరాబాద్‌లో తార్నాకలోని ఐఐసీటీ, బాలానగర్‌లోని నైపర్, విశ్వవిద్యాలయాల శాఖలు, చండీగఢ్‌లోని ఇమ్‌టెక్, పుణెలోని అఘార్కర్ సంస్థ వెబ్‌సైట్లు నెలకోసారి చూస్తుండండి. నెట్ లేదా గేట్ ఉంటే జేఆర్‌ఎఫ్‌గా నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000, ఇంటి అద్దె భత్యం అదనం, ఇవి 2023 నుంచి అమల్లో ఉన్న రేట్లు. సీనియర్ అనలిస్టుగా ఇప్పుడు తెచ్చుకుంటున్నదానికన్నా ఇది తగ్గొచ్చు. ఇంట్లో లోన్లుంటే ఈ లెక్క ముందే వేసుకోండి, చేరాక వేసుకుంటే మనసు పని మీద నిలవదు.

మధ్యస్థంగా మరో దారి ఉంది, నేను చాలామందికి సూచించేది అదే. బూజుతో మందు తయారుచేసే కంపెనీల్లో చేరడం. లోవాస్టాటిన్, మైకోఫినోలిక్ ఆమ్లం, సైక్లోస్పోరిన్, పెనిసిలిన్ అన్నీ ఫెర్మెంటర్లలో బూజు చేసేవే. బెంగళూరులో బయోకాన్, గుజరాత్‌లో కాంకర్డ్ బయోటెక్ ఈ రంగంలో ఉన్నాయి. కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ పెనిసిలిన్-జి ప్లాంటు 2024లో మొదలైంది. అక్కడ ఫెర్మెంటర్ శాంపిల్‌లో 335.1060 పెనిసిలిన్-జి పక్కన ఏ మలినం పెరుగుతోందో పట్టుకోవడం మీ ప్రస్తుత పనికి దగ్గరగా ఉంటుంది, బూజు స్వభావమూ తెలుస్తుంది, జీతమూ నిలకడగా వస్తుంది. వేరుశెనగలో, మిరపలో అఫ్లటాక్సిన్ కొలిచే ఆహార పరీక్షా ల్యాబ్‌లు ఇంకో మెట్టు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుశెనగ అఫ్లటాక్సిన్ మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఎగుమతిదారులకు ఈ రిపోర్టు లేనిదే సరుకు కదలదు.

పరిశోధన సంస్థలో చేరాక బూజు సేకరణకు నల్లమలకో పాపికొండలకో వెళ్లాలనిపిస్తుంది. అటవీ శాఖ అనుమతి చేతిలో లేకుండా రిజర్వ్ ఫారెస్ట్‌లో మట్టి ముట్టుకోకండి. జీవవైవిధ్య చట్టం 2002 కింద శాంపిల్ విదేశానికి పంపాలన్నా, పేటెంట్ కోరాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర చేయాల్సిన పని ఉంటుంది. భారతీయ సంస్థలకు ఆ పద్ధతి 2023 సవరణతో మారింది కాబట్టి సీనియర్ల పాత ఫైళ్లు చూసి నింపకుండా కొత్త నిబంధనలు చదవండి. అమెరికాలో ఉన్న స్నేహితుడి ల్యాబ్‌కు కొరియర్‌లో ప్లేటు పంపడం స్నేహం కిందకు రాదు, చట్ట ఉల్లంఘన అవుతుంది.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు మీద ఒక శిలీంధ్ర ప్రజాతి ఉందని మీలో ఎందరికి తెలుసో. సుబ్బరోమైసిస్. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త, మురుగునీటిని వడగట్టే ఫిల్టర్ల మీద పెరిగే శిలీంధ్రాలను పరిశీలిస్తూ దానికి ఆ పేరు పెట్టారు. మందు ఎక్కడ దొరుకుతుందో ముందే చెప్పలేం. సెఫలోస్పోరిన్ల మూలబూజు కూడా ఇటలీలో సార్డీనియా తీరాన, మురుగు సముద్రంలో కలిసే చోట జుసెప్పె బ్రోట్జుకు దొరికింది. అడవికి అనుమతి రాకపోతే మీ ఊరి మురుగుకాల్వ గట్టు దగ్గరే మొదలుపెట్టొచ్చు.

ఇంటర్వ్యూకు పిలుపొస్తే సర్టిఫికెట్ల ఫైల్‌తో పాటు ఇంకో పలచటి ఫైల్ తీసుకెళ్లండి. మాసివ్ నుంచి దింపుకుని మీరు చేసిన ఒక్క విశ్లేషణ చాలు. ఏ పీక్‌కు ఏ పేరు పెట్టారు, ఎన్ని పీపీఎం తేడాతో, ఏ ముక్కల ఆధారంగా, దేనికి పేరు పెట్టకుండా వదిలేశారు, ఎందుకు వదిలేశారు. ఆ ఫైల్‌లో మొదటి పేజీ బ్లాంక్ క్రోమటోగ్రామ్ అయి ఉండాలి. ఎదుటి కుర్చీలో నేనుంటే నా ప్రశ్నలు ఆ పేజీ నుంచే మొదలవుతాయి.